సుభద్రమ్మగారి చేతి చక్రకేళి

మా తాడిపత్రి వైపు కాలవలోకి నీళ్ళు వదిలారంటే పిల్లలూ పెద్దలూ గట్టు మీదికి వెళ్ళి చూసి వస్తాం. గోదావరి జిల్లాల్లో తిరిగినన్నాళ్ళూ నాకు ఎటు చూసినా నీళ్ళే. నీళ్ళు లేని చోటు కనబడితే అక్కడ ఆగి చూడాలేమో అనిపించింది. తిరిగొచ్చి నెల దాటింది. అటు ఎప్పుడూ వెళ్ళని మా వైపు వాళ్ళ కోసం, అక్కడ నాకు జరిగిన మేలు మరిచిపోకుండా ఉండడం కోసం కూడా ఇది రాస్తున్నాను.

రాజమండ్రి

రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా సంచీలోని చెక్క దిమ్మెలు, రబ్బరు బంతి చూసి, "మీరు బడి పంతులమ్మగారాండీ?" అని అడిగారు.

"కాదండీ, ఆక్యుపేషనల్ థెరపిస్టుని."

"అంటే ఉద్యోగాలు ఇప్పిస్తారాండీ? మా రెండోవాడు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు."

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పక్షవాతమో దెబ్బో తగిలి చెయ్యీ కాలూ పడిపోయినవాళ్ళు మళ్ళీ తమ స్నానం తాము చేసుకునేలా, తమ అన్నం తాము తినేలా, చేతనైతే పాత పనిలోకి వెళ్ళేలా చూడడం మా పని అని చెప్పాను. ఆయన, "మావాడికి కూడా అదే కావాలండి. స్నానం తప్ప ఏ పనీ చెయ్యడు" అన్నారు. పెట్టెలో అందరూ నవ్వారు.

అంతలో వంతెన వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ కిటికీల దగ్గరికి జరిగి నాణేలు విసిరి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. చిన్నప్పుడు గుండె జబ్బు వల్ల నేను బడికి వెళ్ళలేదు. పదో తరగతి దాకా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. స్నాన సంకల్పంలో గంగా గోదావరీ అని నాతో పలికించేవారు. ఆ పేరు నోటితో ఎన్ని వేలసార్లు అన్నానో. కంటితో చూడడం అదే మొదలు. అంత నీటిని చూసేసరికి అడగాలనుకున్నవి ఏవీ గుర్తు రాలేదు.

రాజమండ్రిలో నన్ను పిలిపించిన డాక్టరుగారు పల్లెల్లో ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే చిన్న సంస్థను నడుపుతున్నారు. నన్ను రమ్మన్నది ముఖ్యంగా ఒక మనిషి కోసం. భీమవరం దగ్గర పల్లెలో సుభద్రమ్మగారని ఒక పెద్దావిడ. వేసవికి ముందు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట తిరిగి వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయారు.

"చేతిలో కదలిక ఉందమ్మా, నేను చూశాను. కానీ ఆవిడ వాడరు" అన్నారు డాక్టరుగారు. "ఇప్పుడు తిండి కూడా తగ్గించేశారు. కోడలు తినిపిస్తే రెండు ముద్దలు. చిక్కిపోతున్నారు. ఇలాగే ఉంటే ఈ చలికాలం గట్టెక్కడం కష్టం. నువ్వు వాళ్ళింట్లోనే ఉండి చూడు."

తోడుగా నాగరత్నాన్ని పంపారు. సంస్థలో ఆరోగ్య కార్యకర్త. అంతర్వేది వైపు చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి. నాకన్నా వయసులో చిన్నది, నోట్లో మాట ఆగదు. ఆకలి కూడా ఆగదని తర్వాత తెలిసింది.

రామచంద్రపురం

దారిలో రామచంద్రపురం దగ్గర ఇంకో ఇంటికి వెళ్ళాం. కొబ్బరికాయలు ఒలిచే మనిషి ఒకాయన, మోకాలు దెబ్బతిని పని మానేశారు. నేలలో పాతిన గునపం మీద కాయను గుచ్చి వంగి ఒలవాలి. గునపాన్ని ఎత్తుగా పాతించి, వెనక ఆనుకోవడానికి బల్ల వేయించాను. మొదటి కాయ ఒలిచి ఆయన, "ఇంతేనాండీ? ఇంతకాలం మోకాలికి తైలాలు రాయించారు గదండీ" అన్నారు.

బయల్దేరుతుంటే ఆయన భార్య కాఫీ తెచ్చింది. రోగుల ఇళ్ళలో ఏమీ పుచ్చుకోకూడదని మాకు చదువులో చెప్పారు. మా సీమలో ఆ నియమం చెల్లుతుంది. వద్దంటే, "సరేలేమ్మా" అని ఊరుకుంటారు. ఇక్కడ ఆవిడ మొహం వాడిపోయింది. నా గ్లాసు కూడా నాగరత్నమే తాగేసింది. రోడ్డెక్కాక నన్ను కడిగేసింది.

"ఏంటండీ మేడంగారూ, చెంప మీద కొట్టినా అంత బాధపడి ఉండదండి ఆవిడ. మా వైపు మంచినీళ్ళన్నా తాగకుండా గుమ్మం దిగితే, ఈ ఇంట్లో తినదగ్గ మనుషులు లేరన్నట్టేనండి."

"నాకు తెలియదు నాగరత్నం."

"ఇప్పుడు తెలిసింది గదండీ. ఇక మీదట కాదనకండి. అంతగా వద్దనుకుంటే నాకివ్వండి."

కార్తీక మాసం కావడంతో ద్రాక్షారామం వెళ్ళాం. భీమేశ్వరుడి దగ్గర జనం బాగా ఉన్నారు. తడి చీరలతో దీపాలు పెట్టేవాళ్ళ మధ్య నిలబడి, పేరు తప్ప ఏమీ తెలియని సుభద్రమ్మగారి గోత్రం ఏమని చెప్పాలో తోచక, "స్వామీ, నీకు తెలుసు" అనేసి వచ్చాను.

రావులపాలెం

రావులపాలెం అరటి మార్కెట్టు చూసి తీరాలి. పచ్చటి గెలలు గుట్టలు గుట్టలుగా, లారీల్లో, రిక్షాల్లో, సైకిలుకి రెండు పక్కలా. వెళ్ళే ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదని ఒక కొట్టాయనను చక్రకేళి డజను అడిగాను.

"డజనాండీ?" అని ఆయన పక్క కొట్టువాడికి వినబడేలా నవ్వాడు. "డజన్లు బడ్డీకొట్లో అమ్ముతారండి. ఇక్కడ గెలలేనండి. ఏ ఊరండీ మీది?"

చెప్పాను. "అంత దూరం నుంచొచ్చి గెల తీసుకెళ్ళకపోతే ఎలాగండీ" అని మంచి గెల ఒకటి ఏరి ఇచ్చాడు. మా ఊళ్ళో ఆ డబ్బుకి గెలలోని రెండు అత్తాలు కూడా రావు. బస్సులో గెలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఒక ముసలమ్మ నాకు చోటిచ్చి, "చంటిదాన్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావే" అంది. చీరకి అయిన అరటి కసరు మరక ఎంత ఉతికినా పోలేదు. ఇప్పుడు పోగొట్టుకోవాలని కూడా లేదు.

చేపల చెరువుల మధ్య

భీమవరం దాటాక వరిచేలు తగ్గి చేపల చెరువులు మొదలయ్యాయి. సుభద్రమ్మగారి ఇల్లు ఒక చెరువు గట్టు పక్కనే. కొడుకు సత్యంగారు మెత్తటి మనిషి. కోడలు కుమారి అత్తగారి వెనక నీడలా తిరుగుతుంది. మేం గేటు తీసేలోపే కాళ్ళకి నీళ్ళు వచ్చాయి, కూర్చునేలోపే కాఫీ వచ్చింది. నేర్చుకున్న పాఠం గుర్తుండి తాగాను.

భోజనం సంగతి చెప్పాలి. మా ఇంట్లో సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి, ఒక పప్పు ఉంటే అది నిండు భోజనం. ఇక్కడ పనసపొట్టు కూర, కంద బచ్చలి, పప్పు, ముక్కల పులుసు, వడియాలు, రెండు పచ్చళ్ళు, గడ్డ పెరుగు. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించారు. నాగరత్నం మాత్రం ఒక్కదానికీ అడ్డం పెట్టలేదు.

సుభద్రమ్మగారు చేతుల కుర్చీలో కూర్చుని మా విస్తళ్ళ వైపే చూస్తున్నారు. తెల్లటి మనిషి, మెడ ఎముకలు బయటికి కనబడుతున్నాయి. "మీ ఊళ్ళో ఇంతేనా తినేది? అందుకే నీకు ఒళ్ళు లేదు" అన్నారు. ఆ తర్వాత కుమారి గిన్నెలో కలిపి తెచ్చి ఆవిడకి తినిపించింది. మూడో ముద్దకి మొహం తిప్పేసుకున్నారు.

ఆ ఇంట్లో ఆవిడని ఏ పనీ చెయ్యనివ్వరు. దాహం అనకముందే గ్లాసు నోటి దగ్గరికి వస్తుంది. కొంగు జారితే ఇద్దరు పరిగెడతారు. జపమాల కూడా పక్కన కూర్చుని కుమారే తిప్పుతుంది. అది నిర్లక్ష్యం అయితే మందలించవచ్చు. అంత ప్రేమని ఏమని మందలించను?

మర్నాడు నా పనిముట్లు తీశాను. ఒళ్ళో బల్ల పెట్టి, గిన్నెలో రాగులు పోసి, పక్క గిన్నెలోకి తియ్యమన్నాను. ఆవిడ మర్యాదస్తురాలు. నేను చెప్పానని నాలుగుసార్లు తీశారు. పట్టు బాగానే ఉంది. అసలు చిక్కు వదలడంలో. పక్షవాతం వచ్చిన చెయ్యి గుప్పిట మూస్తుంది గానీ తెరవదు. మణికట్టును కిందికి వంచితే వేళ్ళు కాస్త సడలుతాయని చూపించాను.

"ఈ గింజలు ఇందులోంచి అందులోకి ఎందుకమ్మా? వండేదేమైనా ఉందా?" అని అడిగారు సుభద్రమ్మగారు.

"చేతికి పని అలవాటవుతుందని అండీ."

"వండేది లేదు, పెట్టేది లేదు. ఉత్త గింజలు" అని చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నారు. ఆ తర్వాత రోజు చెక్క దిమ్మెలు తెస్తే, "మా మనవలకివ్వు" అన్నారు. తిండి ఇంకా తగ్గింది. శివుడి మీద భారం వేసి పడుకున్నానే గానీ నిద్ర సరిగా పట్టలేదు.

సోమవారం

ఆ సోమవారం నాకు ఉపవాసం. నక్షత్రం కనబడేదాకా ఏమీ తినను. కుమారికీ ఉపవాసమే. ఆమె మధ్యాహ్నం పూలు గుచ్చుతూ చెప్పింది.

"మా ఇంట్లో ఒక అలవాటుందండి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉన్నవాళ్ళకి ముందు అత్తయ్యగారు చేతిలో పండు పెడతారండి. ఆ తర్వాతే అన్నం. చుట్టుపక్కల ఆడవాళ్ళూ, చెరువు మీద పనిచేసేవాళ్ళూ అందరూ వస్తారండి. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆకలికి ఏడుస్తుంటే, చుక్క రాకుండానే పెట్టేశారు. శివుడికి నేను చెప్పుకుంటాలే అన్నారు."

"ఈ ఏడు?"

కుమారి చేతిలో సూది ఆగింది. "మొదటి సోమవారం నేనే పెట్టానండి. అత్తయ్యగారు గది తలుపు వేయించుకున్నారు. అప్పట్నుంచేనండి అన్నం తగ్గింది."

ఆవిడని నేను అడగవలసిన పని ఆ పండు పెట్టడమే. దేవుడే దారి చూపించాడని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

సాయంత్రం తులసి దగ్గర దీపాలు పెట్టారు. పక్కిళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చెరువు అవతల కొబ్బరి చెట్ల పైన చుక్క కనబడింది. కుమారి పళ్ళెంలో నా గెల నుంచి కోసిన చక్రకేళీలు తెచ్చి నా ముందు పెట్టింది.

"నేను సుభద్రమ్మగారు పెడితే తింటానండి" అన్నాను.

సత్యంగారు నెమ్మదిగా, "అమ్మకి చెయ్యి రాదు గదండీ" అన్నారు.

"తొందరేం లేదండీ. కూర్చుంటాను."

గోదావరి జిల్లా ఇంట్లో అతిథి ఆకలితో కూర్చోవడం ఎంత పెద్ద సంగతో అప్పుడు చూశాను. సత్యంగారు చెప్పుల్లేకుండా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగారు. పక్కింటావిడ, "ఇదేం పంతమమ్మా, పొద్దుపోతే కళ్ళు తిరుగుతాయి" అంది. నేను మనసులో పంచాక్షరి చెప్పుకుంటూ కూర్చున్నాను. ఇది భక్తా, మొండితనమా అని నాకే అనుమానం వచ్చింది.

లోపల గదిలోంచి గొంతు వినబడింది. "ఎవరు తినలేదంటున్నారు?"

నాగరత్నం లేచి నిలబడింది. "మా మేడంగారండి! మీరు పెడితేగానీ తినరంటండి. నాకసలు ఉపవాసమే లేదండి. అయినా ఆవిడ తినకుండా నేనెలా తింటానండి? నా సంగతేంటండీ?"

కర్ర చప్పుడు వినబడింది. సుభద్రమ్మగారు గుమ్మంలోకి వచ్చి నా మొహం చూశారు. "మంచినీళ్ళన్నా తాగావా?"

"లేదండీ."

"నీకు చాలా పొగరుందే తల్లీ" అని వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. పళ్ళెం ఎడంచేత్తో నా వైపు జరిపారు. "తీసుకో."

"చేతిలో పెట్టండి."

ఆవిడ ఎడంచెయ్యి పండు మీదకి వెళ్ళి, తాకకుండానే వెనక్కి వచ్చింది. ఎడంచేత్తో ఆవిడ ఎవరికీ ఏదీ పెట్టి ఉండరు. కాసేపటికి ఆ చేత్తోనే కుడిచేతిని ఎత్తి పళ్ళెంలో పెట్టుకున్నారు. వేళ్ళు మెల్లగా పండు చుట్టూ మూసుకున్నాయి. భుజం వణుకుతుండగా పండు పైకి లేచింది. నేను దోసిలి పట్టాను.

పండు నా దోసిలి మీదికి వచ్చింది. కానీ గుప్పిట తెరుచుకోలేదు. ఆవిడ గట్టిగా ప్రయత్నించినకొద్దీ వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. తొక్క చిట్లి గుజ్జు బయటికి వచ్చింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుమారి తట్టుకోలేక వేళ్ళు విడదీయబోయింది. సత్యంగారూ ఒక అడుగు వేశారు.

"వద్దండీ, ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తర్వాత ఆవిడతో మెల్లగా చెప్పాను. "అమ్మగారూ, గుప్పిటతో పోట్లాడకండి. మణికట్టు వంచండి. పులుసు వడ్డించేటప్పుడు గరిటె వంచరూ, అలాగ."

ఆవిడ నా వైపు చూశారు. ఆ వాకిట్లో ఎంతమందికి పులుసు వడ్డించారో ఆ చేత్తో. మణికట్టు కొంచెం వాలింది. ఇంకొంచెం వాలింది. ముందు చిటికెన వేలు సడలింది, తర్వాత దాని పక్కది. పండు నా దోసిట్లో పడింది.

"నలిగిపోయిందే" అన్నారు సుభద్రమ్మగారు, ఆయాసపడుతూ.

నేను తినేశాను. నాలుగు వేళ్ళ గుంటలు పడిన పండు. ద్రాక్షారామంలో తీసుకున్న ప్రసాదం కూడా అంత తియ్యగా లేదు. స్వామి తప్పనుకోడు.

అప్పుడు కుమారి వచ్చి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టింది. "నాక్కూడా అత్తయ్యగారూ."

"చుక్క వచ్చిందా? నీకు అంతవరకు ఆగే అలవాటు లేదు గదే" అన్నారు ఆవిడ. అందరూ ఒక్కసారిగా నవ్వారు, ఏడ్చారు. కుమారికి పండు పెట్టడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. తర్వాత చెయ్యి అలిసిపోయింది. "మిగతావాళ్ళకి నువ్వు పెట్టవే, నేను చూస్తాను" అన్నారు. గది తలుపు వెయ్యమనలేదు.

అందరూ తిన్నాక ఆవిడే కంచం తెమ్మన్నారు. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం ఏరి ఇచ్చాను. అన్నం చుట్టూ కింద చాలా పడింది. ఒక్కరూ తుడవడానికి లేవలేదు. ఆవిడ మాత్రం పెరుగు దాకా తిన్నారు.

తిరుగు ప్రయాణం

తర్వాత రెండు రోజులూ రాగులు బయటికి తియ్యలేదు. ఆవిడ మాకు ఉప్పు పెట్టారు, వడియాలు పెట్టారు, నెయ్యి వెయ్యబోయి నాగరత్నం చీర మీద వేశారు. "పరవాలేదండి, నెయ్యి వాసన మంచిదేనండి" అంది నాగరత్నం.

కుమారి నన్ను వంటింట్లో ఆపి నెమ్మదిగా అడిగింది. "ఇన్నాళ్ళూ నేనే తినిపించానండి. ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?" ఆ అమ్మాయి బాధ నాకు అర్థమైంది. రోజూ ఒకపూట అత్తగారు వడ్డించేదాకా ఆకలితో ఆగి కూర్చోమని చెప్పాను. "అది చాలా కష్టమండి" అని నవ్వింది. తప్పకుండా చేస్తానని మాట ఇచ్చింది.

బస్సు దగ్గరికి సత్యంగారు ఒక సంచీ తెచ్చి ఇచ్చారు. అందులో మిగిలిన చక్రకేళీలు. సుభద్రమ్మగారు ఒక్కొక్కటీ తన చేత్తోనే సంచీలో వేశారట. పొద్దున్నే మొదలుపెట్టారట.

రాజమండ్రి నుంచి తిరుగు రైల్లో సంచీ విప్పాను. ఎదుటి సీట్లో చిన్నపిల్లను ఎత్తుకున్న ఒకావిడ ఉంటే సంచీ అడుగునుంచి ఒక పండు తీసి ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "నలిగిందండీ ఇది" అంది.

"అన్నీ అలాగే ఉన్నాయమ్మా" అని ఇంకోటి తీసి చూపించాను. దాని మీద గుంటలు అంత లోతుగా లేవు. సంచీ అడుగునుంచి పైదాకా ఒక్కొక్కటే తీసి వరసగా ఒళ్ళో పెట్టుకున్నాను. అడుగున ఉన్నవి చిట్లిపోయి ఉన్నాయి. పైకి వచ్చినకొద్దీ వేళ్ళ గుర్తులు తేలికవుతూ వచ్చాయి. అన్నిటికన్నా పైన ఉన్న పండు మీద బొటనవేలి నీడలాంటి మచ్చ ఒక్కటే ఉంది.

వంతెన వచ్చింది. అందరూ నాణేలు తీశారు. నేను ఆ పై పండును గోదావరికి ఇచ్చాను.